సవర గోడ బొమ్మను చదవడం – 3వ పాఠం: ముందు ఇల్లు, తర్వాతే మనుషులు

పోయిన పాఠంలో గడప దగ్గర ఎలా ఆగాలో, ఎవరిని ముందు పలకరించాలో చూశాం. ఈసారి లోపలికి వెళ్దాం. ఒడిశాలోని మా గుణుపురం నుంచి పుట్టాసింగ్ వైపు కొండెక్కితే, సవరల్లో ఒక శాఖ అయిన లాంజియా సవరల ఇళ్ళు కొన్నిట్లో ఇంకా ఇడితాల్, అంటే వాళ్ళ గోడ బొమ్మ, కనిపిస్తుంది. అది లోపలి గోడ మీద ఉంటుంది, పొగకి మసకబారి ఉంటుంది. అడగకుండా టార్చి వెయ్యకండి, ఫొటో తియ్యకండి. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా కాసేపు ఊరికే కూర్చోండి.

ఎర్రమట్టి పూసిన గోడ. బియ్యప్పిండి కలిపిన తెల్లటి నీళ్ళు. కొస నమిలి కుచ్చులా చేసిన వెదురు పుల్ల. సరంజామా అంతే. మన చూపు నేరుగా ఏనుగు మీదికో నెమలి మీదికో పోతుంది. దాన్ని వెనక్కి లాగి, ముందు చుట్టూ ఉన్న అంచును చూడండి. ఆ నాలుగు గీతల చట్రమే ఇల్లు. ఆ ఇంట్లో దిగడానికి పిలిచేది సోనుంని. సోనుం అంటే దేవత కావచ్చు, పోయిన తాత కావచ్చు. మన ‘దెయ్యం’ అనే మాట ఇక్కడ అసలు సరిపోదు.

ఇంట్లో జబ్బు తగ్గదు, లేదా పంట దెబ్బతింటుంది. అప్పుడు సోనుంలతో మాట్లాడే కురాన్‌ని పిలుస్తారు. ఆడవాళ్ళూ ఆ పని చేస్తారు, వాళ్ళని కురాన్‌బోయి అంటారు. ఏ సోనుం ఏమడుగుతోందో కలలోనో పూనకంలోనో తెలుస్తుంది. దాన్ని బట్టి బొమ్మ వేస్తారు. వేసేవాడు కురానే కానక్కర్లేదు. పూర్తయ్యాక కురాన్ సోనుంని పిలిచి, సరిపోయిందా అని అడుగుతాడు. ఏదైనా తక్కువైందంటే మళ్ళీ పుల్ల పట్టుకోవాల్సిందే. నాకు అన్నిటికంటే నచ్చేది ఈ ఘట్టమే. ఇక్కడ బొమ్మ బాగుందో లేదో చెప్పాల్సింది మనం కాదు, అందులో ఉండబోయేవాళ్ళు.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను నోటుబుక్కులో ఒక పట్టిక రాసుకున్నాను: ఏనుగు అంటే బలం, నెమలి అంటే అందం, చెట్టు అంటే జీవం. ఆ ఇంటి ముసలమ్మకి సంతకి వచ్చీ పోయీ తెలుగు బాగానే వచ్చు. నేను రాసింది చదివి వినిపిస్తే ఆవిడ తల అడ్డంగా ఊపి, "బలం ఏటి బాబూ, మా మావ ఎక్కి రావాల కదా" అంది. ఆ మామగారు పోయి చాలా ఏళ్ళయింది. ఏనుగు ఆయన వాహనం. పట్టిక ఆ సాయంత్రమే కొట్టేశాను. 1940లలో ఈ కొండల్లో తిరిగిన మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్‌కి ఇడితాల్‌లో సైకిళ్ళు, విమానాలు కూడా కనిపించాయి. పెద్దమనుషులు వాటి మీద తిరుగుతున్నప్పుడు సోనుంలకి మాత్రం ఎందుకు ఉండకూడదు?

అందుకే "దీని అర్థం ఏమిటి" అని అడగకండి. అలా అడిగితే మర్యాద కోసం ఏదో ఒకటి చెప్పేస్తారు. ఎవరి కోసం వేశారు, ఏం జరిగితే వేశారు, చూసి చెప్పిందెవరు, తర్వాత ఇంట్లో ఎలా ఉంది అని అడగండి. జవాబు వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. సవర మాటకి తెలుగు తట్టకపోతే ఆ మాటే ఉంచండి. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైన్ వాడి వాడి వినికిడి పోగొట్టుకున్నారు. ఆయన సవర నిఘంటువులో ఒక్కో మాట వెనక అంత ఉంది.

ఇంకో హెచ్చరిక. మనవాళ్ళు ఇవన్నీ చూసి "చిల్లంగి" అనేస్తారు. ఆ మాట మీ నోట్సులోకి రానివ్వకండి. చిల్లంగి అంటే ఒకరికి చెడు చెయ్యడం. ఇక్కడ చేస్తున్నది ఆకలిగా ఉన్న పెద్దలకి చోటిచ్చి అన్నం పెట్టడం. ఆ ముద్ర వేసి మనుషుల్ని కొట్టడం, చంపడం ఆపడానికి ఒడిశాలో 2013లో చట్టమే తేవాల్సి వచ్చింది. మీరు తేలిగ్గా రాసిన ఒక్క మాట ఆ కురాన్‌బోయి మెడకి చుట్టుకోవచ్చు.

వార్లీ బొమ్మలతో కూడా కలపకండి. దుకాణాల్లో రెండూ ఒకే సంచీ మీద అచ్చేసి అమ్ముతున్నారు. వార్లీ తెగవాళ్ళది మహారాష్ట్ర, గుజరాత్ సరిహద్దు, వాళ్ళ చౌక్ అనే బొమ్మ పెళ్ళికి వేసేది. పని వేరు, పిలుపు వేరు.

ఈ వారం అభ్యాసం మీ ఇంట్లోనే. పసుపు ముద్ద చేసి గౌరమ్మ అంటాం కదా. ఎప్పటిదాకా అది పసుపు, ఎప్పటినుంచి అమ్మవారు? పూజయ్యాక ఆ ముద్దని ఏం చేస్తారు? మీ అమ్మనో నాయనమ్మనో పక్కన కూర్చుని అడగండి. వాళ్ళు చెప్పేటప్పుడు మధ్యలో మాట అందించకండి. ఆ పేజీ రాశాక పైన చెప్పిన నాలుగు ప్రశ్నలకి జవాబులు అందులో దొరుకుతున్నాయో లేదో చూసుకోండి. పేరంటం పాటలు గుర్తొచ్చి వాళ్ళు దారి తప్పినా ఆపొద్దు, అసలు సంగతి తరచుగా అక్కడే దొరుకుతుంది.

వచ్చే పాఠంలో, పోయినవాళ్ళ పేరున నిలబెట్టిన గువార్ రాళ్ళ దగ్గరికి వెళ్దాం. ఈలోగా ఎవరైనా కొండకి వెళ్ళి ఇడితాల్ చూస్తే, బొమ్మ నకలు లేకపోయినా ఫర్వాలేదు. ఆ ఇల్లు ఎవరి కోసం కట్టారో మాత్రం పేజీ పైన రాసి ఉండాలి.