వెనక షాక్‌లు పోయాయని నాకు పాల క్యాన్ చెప్పింది

రెండేళ్ల కిందట ఒక వింత మొదలైంది. తెల్లవారుజామున కొల్లిపర వైపు ఊళ్లలో పాలు పోయించుకుని బైక్ మీద తెనాలి చేరేసరికి, క్యాన్ మూత లోపల వెన్న పూసలు అంటుకుని ఉండేవి. "అన్నా, దారిలో కవ్వం వేసి చిలుకుతున్నావా ఏంటి?" అని టీకొట్టు తమ్ముడు ఒకటే నవ్వు. నిండుగా ఉన్న క్యాన్‌లో వెన్న రావడం లేదు, సగం ఉన్న క్యాన్‌లోనే వస్తోంది. సగం క్యాన్‌లో పాలు ఎగిరిపడడానికి చోటుంటుంది కదా. అంటే బండి వెనక భాగం అంతలా ఊగుతోందన్నమాట. రోజూ తోలే నాకు మాత్రం ఏమీ తెలియలేదు.

వెనక చక్రం దగ్గర కుదుపులను మింగే షాక్ అబ్జార్బర్లతో వచ్చే చిక్కే అది. మా దగ్గర సగం మంది 'షాక్ అబ్జర్వర్' అంటారు, నేను షాక్ అనే అంటాను. బల్బులా ఒక్కసారిగా పోదు, రోజుకింత నీరసపడుతుంది. మన ఒళ్లు కూడా దానికి అలవాటు పడిపోతుంది. గుంత కనపడగానే నేను సీటు మీంచి కొంచెం పైకి లేస్తున్నానని మా ఆవిడ వెనక కూర్చున్న రోజు చెబితేగానీ తెలియలేదు.

ముందు ఒక విషయం అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలిక. బ్యాంకు తలుపు పైన డోర్ క్లోజర్ చూసే ఉంటారు. తలుపును మూసేది అందులోని స్ప్రింగ్, నెమ్మదిగా మూయించేది అందులోని ఆయిల్. ఆయిల్ కారిపోయిందంటే తలుపు ధడాలున కొట్టుకుంటుంది. షాక్ కూడా అంతే. బయటికి కనిపించే స్ప్రింగ్ బరువు మోస్తుంది. లోపలి గొట్టంలో పిస్టన్‌కి ఉన్న సన్న రంధ్రాల గుండా ఆయిల్ దూరి వెళ్తూ ఆ స్ప్రింగ్ గెంతులను అణుస్తుంది. సాధారణంగా ముందు పోయేది ఆయిల్ పనే, స్ప్రింగ్ కాదు. కాబట్టి "స్ప్రింగ్ బాగానే ఉందిగా బాబాయ్" అని ఎవరన్నా అంటే ఆ మాట లెక్కలోకి తీసుకోవద్దు.

ఇంట్లోనే చేసుకునే మొదటి పరీక్ష ఇది. బండిని స్టాండ్ మీంచి దించి సమమైన నేల మీద నిలబెట్టండి. ముందు నుంచి ఒకరు హ్యాండిల్ పట్టుకోవాలి, బ్రేక్ పట్టకూడదు. మీరు సీటు వెనక చివర రెండు చేతులూ ఆనించి, ఒంటి బరువంతా వేసి గట్టిగా ఒక్క నొక్కు నొక్కి వదిలేయండి. మంచి షాక్ అయితే ఒకసారి పైకి వచ్చి అక్కడే కుదురుకుంటుంది. పైకి వచ్చి, మళ్లీ దిగి, మళ్లీ లేస్తోందంటే లోపల ఆయిల్ పని అయిపోయినట్టే. నాది ఆ రోజు మూడుసార్లు ఊగింది. పోల్చుకోవడానికి పక్కింట్లో అదే మోడల్ కొత్త బండి ఉంటే దాన్నీ నొక్కి చూడండి. నాకు అసలు తేడా తెలిసింది అలాగే.

రెండోది ఆయిల్ మరక. షాక్ లోపలికీ బయటికీ ఆడే మెరిసే రాడ్డు దగ్గర, దాని కింద గొట్టం మీద వేలితో రాసి చూడండి. దుమ్ముతో కలిసి నల్లటి జిడ్డు ముద్దలా అంటుకుంటే, లోపలి ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీల్ పోయిందని అనుమానించాలి. అయితే తొందరపడొద్దు. చైన్‌కి ఎక్కువగా ఆయిల్ కొడితే అదీ చింది ఎడమ షాక్ మీద పడుతుంది. పాత గుడ్డకి కాస్త కిరోసిన్ అద్ది శుభ్రంగా తుడిచి, నాలుగు రోజులు తిరిగి మళ్లీ చూడండి. చైన్ చిమ్మిందైతే చుక్కలు చుక్కలుగా, చక్రం వైపే ఉంటుంది. సీల్ కారుతుంటే రాడ్డు చుట్టూ ఉంగరంలా తడి చేరి కిందికి జారుతుంది. రాడ్డు మీద తుప్పు గుంటలు కనిపిస్తే సీల్ ఈరోజు బాగున్నా రేపు చిరుగుతుంది. రాడ్డు వంగి ఉంటే ఇక ఏ పరీక్షా అక్కర్లేదు.

మూడోది టైరు. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ ఆపి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ టైరు మీద అరచేయి పెట్టండి. ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లంగా అలల్లా అరిగి ఉంటే, చక్రం రోడ్డును అంటిపెట్టుకోకుండా గెంతుతూ నడిచిందని అర్థం. నేను ఇది చూసి టైరుదే తప్పనుకుని ముందు టైరు మార్చాను. డబ్బు దండగ, వెన్న మాత్రం ఆగలేదు.

శబ్దాల దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండాలి. గుంతలో పడ్డప్పుడు 'ధడ్' మని చివరిదాకా దిగి కొట్టుకుంటే షాక్ నీరసపడి ఉండొచ్చు, లేదా మీరే మోయలేనంత బరువు వేసి ఉండొచ్చు. చిన్న చిన్న రాళ్ల మీద 'టక్ టక్' అంటుంటే మాత్రం ముందు షాక్‌కి పైనా కిందా ఉండే రబ్బర్ బుష్‌లు చూడండి. అవి అరిగితే విడిగా మార్చుకోవచ్చు, పెద్ద ఖర్చేమీ కాదు. వెనక చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ ఊపినప్పుడు ఆట ఉంటే అది స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చేయి) బుష్‌దో, చక్రం బేరింగ్‌దో అయి ఉంటుంది. దానికి కొత్త షాక్‌లు వేసినా బండి తోక ఆడించడం మానదు. ఇక టైరులో గాలి తక్కువుండి బండి బరువెక్కినట్టు అనిపించడం ఎప్పుడూ ఉండే సంగతే, ముందు అది సరిచూసుకోండి.

ఇప్పుడు అందరూ చేసే పొరపాటు. బండి ఊగుతోందనగానే మెకానిక్ హుక్ స్పానర్ తీసి స్ప్రింగ్ కింద మెట్ల రింగును రెండు మెట్లు ఎక్కిస్తాడు. బండి గట్టిగా అనిపిస్తుంది, మనకూ తృప్తి. కానీ ఆ రింగు బరువుకి తగ్గట్టు స్ప్రింగ్‌ను ముందే బిగించడానికి పెట్టింది. ఆయిల్ పని చేయని షాక్‌లో స్ప్రింగ్ బిగిస్తే గెంతు తగ్గదు. నా రెండు ఇరవై లీటర్ల క్యాన్లలో పాలే నలభై కిలోలు దాటుతాయి, అందుకని నేనూ మెట్లు ఎక్కించుకుంటూ పోయాను. చివరి మెట్టుకి వచ్చాక ఎక్కించడానికి మెట్లు లేవు, ఊపు మాత్రం అలాగే ఉంది.

షాక్‌లు మార్చకుండా ఎప్పుడు ఆగొచ్చు, ఎప్పుడు ఆగకూడదు? నొక్కితే ఒకటిన్నర ఊపు ఊగుతూ, ఎక్కడా తడి లేకపోతే జీతం వచ్చేదాకా నెమ్మదిగా తోలుకోవచ్చు. ఆయిల్ కారి చక్రం మీదికో, బ్రేకు డ్రమ్ములోకో, బ్రేకు డిస్క్ మీదికో చేరేలా ఉంటే, లేదా మలుపులో వెనక చక్రం పక్కకి గెంతినట్టు అనిపిస్తే ఇక ఆ బండి మీద పిల్లల్ని ఎక్కించుకోవద్దు.

రెండు షాక్‌ల బండిలో ఒకటే పోయినా రెండూ మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది పెడితే స్వింగ్ ఆర్మ్ ఒక పక్క ఆగి, ఒక పక్క ఆడి మెలిక పడుతుంది. "ఆయిల్ పోసి సీల్ మారుస్తా, సగం ఖర్చులో అయిపోద్ది" అనేవాళ్లుంటారు. విప్పి బాగుచేయడానికి తగ్గట్టు తయారుచేసిన షాక్‌లకైతే సరేగానీ, మామూలు వంద సీసీ బండికి వచ్చే మూతేసిన వాటికి నేనైతే చేయించను. ఒకసారి చేయించాను, వానాకాలం కూడా దాటలేదు. గ్యాస్ ఉన్న షాక్‌ని మాత్రం ఎవరినీ కోయనివ్వొద్దు, వేడి చేయనివ్వొద్దు. లోపల ఒత్తిడితో నైట్రోజన్ ఉంటుంది.

మార్చే పని పెద్దదేం కాదు. సెంటర్ స్టాండ్ వేసి ఒక పక్క విప్పి, కొత్తది బిగించాకే రెండో పక్క ముట్టుకోండి. రెండూ ఒకేసారి విప్పితే చక్రం కిందికి జారి, రంధ్రాలు కలవక తల ప్రాణం తోకకొస్తుంది. వాషర్లు ఏ వరసలో వచ్చాయో ఫోన్లో ఫొటో తీసుకోండి. రెండు రింగులూ ఒకే మెట్టులో ఉండాలి. నట్లు మూడో రోజు మళ్లీ ఒకసారి బిగుతు చూసుకుని, చైన్ వదులూ సరిచూడండి.

నా పాత షాక్ నుంచి మెకానిక్ తన పనిముట్టుతో స్ప్రింగ్ తీసి, రాడ్డు నా చేతికిచ్చాడు (ఆ స్ప్రింగ్ ఇంట్లో తీయబోకండి, ముఖం పగులుతుంది). నొక్కితే సగం దూరం గాలి పోయిన సైకిల్ పంపులా ఊరికే దిగిపోయింది, ఆ తర్వాతే ఏదో కాస్త పట్టుకుంది. కొత్తవి బిగించిన రోజే ఖాళీ బండిని నొక్కి వదిలి, ఎలా కుదురుకుందో చేతులకి గుర్తు పెట్టుకున్నాను. ఇప్పుడు ప్రతి సర్వీసు రోజూ ఒక నొక్కు నొక్కి చూస్తాను. వెన్న మా ఇంట్లో చిలికితేనే వస్తోంది.