నాస్ పాఠాలు – 4: డిస్కు పోయినా డేటా ఎలా నిలుస్తుంది?

నాస్ అంటే ఆఫీసులో అందరూ నెట్‌వర్క్ ద్వారా వాడుకునే డిస్కుల పెట్టె. ముందుగా, పోయిన పాఠం లెక్కకు జవాబు: 4 టీబీ డిస్కు విండోస్‌లో 3.63 టీబీగానే ఎందుకు కనపడుతుందని అడిగాను. అది డిస్కులో లోపం వల్ల కాదు. కేబీ, ఎంబీ, జీబీ, టీబీ అని ఒక్కో మెట్టుకు తయారీదారు 1000 చొప్పున లెక్కగడతాడు, విండోస్ 1024 చొప్పున.

ఇక రెయిడ్ 5, అంటే ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా కొన్ని డిస్కులను కలిపి వాడే పద్ధతి. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఆఫీసు అనుకుందాం. స్లాబుల ఫోటోలు, బిల్లులు అన్నీ నాస్‌లోనే. అందులో 4 టీబీ డిస్కులు నాలుగు. వాడకానికి 12 టీబీ వస్తుంది, మిగిలిన 4 పారిటీకి, అంటే పోయిన డేటాను తిరిగి రాబట్టే లెక్కకు, పోతుంది. అలాగని నాలుగో డిస్కంతా పారిటీ కాదు, నాలుగింటి మీదా వంతులవారీగా పడుతుంది.

ఒక వరసలో మూడు డిస్కుల్లో ఈ బిట్లున్నాయి:

1011
0110
1100

నిలువుగా చూడండి. ఒకట్లు బేసి సంఖ్యలో ఉంటే పారిటీ 1, సరి సంఖ్యలో ఉంటే 0. ఇక్కడ పారిటీ 0001. రెండో డిస్కు పోయిందా? మిగిలిన 1011, 1100, 0001 తీసుకుని అదే లెక్క వేయండి: 0110 వచ్చేస్తుంది. కొత్త డిస్కు పెట్టాక నాస్ చేసే రీబిల్డ్ ఇదే, మొదటి వరస నుంచి చివరి దాకా. సెకనుకు 150 ఎంబీ వేగమున్నా 4 టీబీకి ఏడున్నర గంటలు. మధ్యలో ఆఫీసు పని నడిస్తే ఇంకా ఎక్కువ. ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కేలా రాసే ఎస్ఎంఆర్ రకం డిస్కయితే రోజులు కూడా పట్టొచ్చు, కొనేటప్పుడే ట్రాకులు విడివిడిగా రాసే సీఎంఆర్ అని అడిగి తీసుకోండి.

ఆ గంటల్లో ఇంకో డిస్కు పోతే అంతా పోయినట్టే. నిజానికి చాలాచోట్ల రెండో డిస్కు దానంతటది పోదు, మనమే లాగేస్తాం! పాడైంది మూడోదైతే, ట్రేలు (డిస్కులు కూర్చునే సొరుగులు) ఎటునుంచి లెక్కపెట్టాలో తెలియక బాగున్నదాన్ని పీకేస్తారు. అందుకే ప్రతి ట్రే మీదా డిస్కు సీరియల్ నంబర్ చివరి నాలుగు అక్షరాలు ఇప్పుడే రాసి అంటించండి. తెర మీద చూపే నంబర్‌తో పోల్చాకే చెయ్యి పెట్టండి. కొత్తది పెట్టాక ‘రిపేర్’ నొక్కాలి. అంతా చెరిపి కొత్తగా మొదలుపెట్టే ‘ఇనిషియలైజ్’ జోలికి పోవద్దు.

కరెంటు సంగతి. ఫైల్లో చిన్న మార్పు చేసినా డేటా ఒక డిస్కులో, పారిటీ ఇంకో డిస్కులో రాయాలి. రెంటి మధ్యలో కరెంటు పోతే పారిటీ తప్పుగా మిగిలిపోవచ్చు. డిస్కు పోయిన రోజు దాకా అది బయటపడదు. ఇన్వర్టర్ ఉందిగా అనుకోకండి: అది మారే క్షణంలో నాస్ ఆగి మొదలవచ్చు. యూఎస్‌బీ తీగతో నాస్‌కు కబురు పంపే యూపీఎస్ పెట్టండి, డేటాకూ పారిటీకీ పొంతన ఉందో లేదో సరిచూసే ‘స్క్రబ్’ నెలకోసారి నడపండి.

అభ్యాసం: మొదటి డిస్కు 1001, మూడోది 0011, పారిటీ 1110. రెండో డిస్కులో ఏముంది?