గని కంపెనీ దివాలా తీసి మూడు చేతులు మారింది, ఇప్పుడు ఈ భూమి ఎవరిది? (సమస్య - పరిష్కారం)

అమెరికాలో వెస్ట్ వర్జీనియా, కెంటకీ, వర్జీనియా బొగ్గు కొండల్లో భూమి ఉన్నవాళ్లకి గత పదేళ్లుగా ఒక పెద్ద తలనొప్పి పట్టుకుంది. గని ఒక కంపెనీది. అది దివాలా తీస్తే కోర్టు ద్వారా ఇంకో కంపెనీ కొంది, అదీ నాలుగేళ్లు తిరక్కుండా చేతులెత్తేస్తే మూడోది వచ్చింది, ఈ చేతులు మారడంలో ఎక్కడో మీ ముప్పై ఎకరాలు కూడా వాళ్ల జాబితాలోకి ఎక్కేశాయి. నేను టైటిల్ (భూమి మీద హక్కు) పరిశీలన పని చేస్తాను, కౌంటీ (మన జిల్లా లాంటిది) క్లర్క్ ఆఫీసుల్లో పాత దస్తావేజులు ముందేసుకుని కూర్చోవడమే నా ఉద్యోగం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఆశ వదిలేసుకుని ఉంటారు, "కోర్టే అమ్మేసింది కదండీ, ఇంకేం మిగిలింది" అంటారు. అలా అనుకోకండి. కోర్టు అమ్మింది ఆ కంపెనీకి ఉన్న హక్కుని మాత్రమే. కంపెనీకి లేని హక్కుని ఏ దివాలా కోర్టూ పుట్టించలేదు. కింద రాసినదంతా ఈ ఒక్క మాట పట్టుకుని చదవండి.

లక్షణం: "మేం ఫ్రీ అండ్ క్లియర్‌గా కొన్నాం, మీ హక్కులన్నీ పోయాయి" అంటూ సేల్ ఆర్డర్ (అమ్మకానికి దివాలా కోర్టు ఇచ్చిన ఉత్తర్వు) చూపిస్తున్నారు

కారణం ఏంటంటే, దివాలా చట్టంలో సెక్షన్ 363 కింద ఆస్తి అమ్మినప్పుడు దానిమీద ఉన్న తనఖాలు, అప్పులవాళ్ల క్లెయిములు ఆస్తిని వదిలేసి, మామూలుగా అమ్మగా వచ్చిన డబ్బు మీదకి మళ్లుతాయి. ఫ్రీ అండ్ క్లియర్ అంటే అదీ. భూమి అసలు ఎవరిది అనే ప్రశ్నకి అది జవాబు కాదు. సెక్షన్ 541 ప్రకారం దివాలా ఎస్టేట్‌లోకి, అంటే దివాలా కేసు కిందకి వచ్చే ఆస్తిలోకి, వచ్చేది కేసు వేసిన నాటికి ఆ కంపెనీకి ఉన్న హక్కే, కాబట్టి మీ తాతగారి పేరున ఉండి ఏనాడూ కంపెనీకి రాసివ్వని భూమి ఆ ఎస్టేట్‌లో లేదు, లేనిదాన్ని అమ్మడానికీ లేదు. అయితే ఇక్కడ ఒక చిక్కుంది, దాన్ని దాచను. ఆస్తిలో ఎవరి హక్కు మీదైనా నిజమైన వివాదం ఉంటే, ఆ వివాదం తేలకముందే అమ్మడానికి కూడా 363 ఒక దారి ఇస్తుంది. మీకు నోటీసు వచ్చినా ఊరుకున్నారంటే, ఆ మౌనాన్నే మీ ఒప్పుదల అని తర్వాత వాదిస్తారు.

పరిష్కారం కాగితాలతో మొదలవుతుంది. వాళ్లు చూపించే ఆర్డర్ మాత్రమే చదివి ఆగకండి, అందులో సాధారణంగా మీ భూమి పేరే ఉండదు. ఆర్డర్ వెనక జతచేసిన కొనుగోలు ఒప్పందం, దాని షెడ్యూళ్లు (ఆస్తుల జాబితాలు), ముఖ్యంగా "మినహాయించిన ఆస్తులు" అనే షెడ్యూలు, ఆ తర్వాత కౌంటీలో రికార్డు చేసిన డీడ్ (భూమి రాసిచ్చిన దస్తావేజు), ఈ నాలుగూ పక్కపక్కన పెట్టుకోవాలి. ఫెడరల్ కోర్టుల పేసర్ వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరిస్తే పేజీకి 10 సెంట్లు, ఒక డాక్యుమెంటుకి ఎక్కువలో ఎక్కువ 3 డాలర్లు, మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే అసలు వసూలే చేయరు. పెద్ద కేసుల్లో అయితే క్లెయిమ్స్ ఏజెంట్ (కేసు కాగితాలు చూసే సంస్థ) పెట్టిన వెబ్‌సైట్‌లో ఇవన్నీ ఉచితంగానే దొరుకుతాయి.

డీడ్ చేతికొచ్చాక మొదట చూడాల్సింది అది ఏ రకం అని. దివాలా అమ్మకాల్లో ఎక్కువగా కనిపించేది క్విట్‌క్లెయిమ్ డీడ్, అంటే "నాకేదైనా హక్కుంటే అది నీకిచ్చేశా, ఉందని మాత్రం హామీ ఇవ్వను" అని. ఆ మధ్య ఒక పెద్దాయన కేసులో డీడ్ వెనక పదకొండు పేజీల భూముల జాబితా ఉంది. ప్రతి తుక్కు ముక్కకీ డీడ్ బుక్ నంబరు, పేజీ నంబరు రాశారు, నేను వెతుకుతున్న భూమి మాత్రం ఎక్కడా లేదు. చివరి పేజీలో చివరి వాక్యం, "ఈ కౌంటీలో అమ్మకందారుకి ఇంకేవైనా భూములు ఉంటే అవి కూడా". కొత్త కంపెనీ ఆ పెద్దాయన ఇంటి వెనక కొండంతా తనదని కంచె వేసింది ఆ ఒక్క వాక్యం మీద. ఆ వాక్యంలో "ఉంటే" అన్న మాట చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఆ లైన్ మీద వేలు పెట్టి మూడుసార్లు చదివారు. అలాంటి వాక్యం కొత్తగా హక్కేమీ ఇవ్వదు.

తర్వాత నోటీసు సంగతి. డాకెట్‌లో (కేసులో దాఖలైన కాగితాల పట్టికలో) సర్వీస్ అఫిడవిట్ అని ఉంటుంది, ఎవరెవరికి ఏ చిరునామాకి నోటీసు పంపారో అందులో పేరుపేరునా ఉంటుంది. మీ పేరు వెతకండి. పేరు, చిరునామా తెలిసిన హక్కుదారుకి పేపర్ ప్రకటన ఒక్కటే చాలదని 1950లోనే మ్యులేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జనరల్ మోటార్స్ దివాలా అమ్మకంలో సరైన నోటీసు అందనివాళ్ల క్లెయిముల్ని ఫ్రీ అండ్ క్లియర్ ఆర్డర్ అడ్డుకోలేదని 2016లో సెకండ్ సర్క్యూట్ అప్పీలు కోర్టు అంది. కౌంటీ పన్ను రికార్డులో మీ పేరు, చిరునామా ఉండి కూడా వాళ్లు ఉత్తరం పంపలేదంటే అది మీకు గట్టి ఆధారం.

అమ్మకం ఇంకా పూర్తి కాలేదా? అయితే ఇవాళే లాయర్‌ని పట్టుకోండి. విచారణకి ముందే అభ్యంతరం ఫైల్ చేసి, దివాలా రూల్ 7001 కింద యాజమాన్యం తేల్చమని విడిగా దావా వేయాలి. ఆర్డర్ వచ్చేశాక అప్పీలు వేసినా, అమల్ని ఆపించే స్టే లేకపోతే మంచి నమ్మకంతో కొన్నవాడికి 363లోనే రక్షణ ఉంది. అమ్మకం ఎప్పుడో అయిపోయిందా? రాష్ట్ర కోర్టులో క్వయట్ టైటిల్ దావా (భూమి ఎవరిదో తేల్చమని వేసేది) ఉంది, లేదా తన ఆర్డర్‌లో ఏం అమ్మిందో తేల్చమని అదే దివాలా కోర్టుని అడగొచ్చు. తన పాత ఆర్డర్లకి అర్థం చెప్పే అధికారం దివాలా కోర్టుకి ఉందని 2009లో సుప్రీంకోర్టు ట్రావెలర్స్ కేసులో స్పష్టం చేసింది.

లక్షణం: కౌంటీ రికార్డులో లింకు తెగింది, అమ్మినవాడి పేరు ఒకటి, ఇప్పుడున్నవాడి పేరు ఇంకొకటి

ఇది కంపెనీల పేర్ల వల్ల వచ్చే తంటా. ఒక్క ఉదాహరణ చెప్తాను. 2011లో ఆల్ఫా నేచురల్ రిసోర్సెస్ అనే కంపెనీ మాసీ ఎనర్జీని కొనేసింది. 2015 ఆగస్టులో ఆల్ఫా దివాలా పిటిషన్ వేసింది. 2016 జులైలో బయటికొచ్చేసరికి మేలైన గనులు అప్పులిచ్చినవాళ్లు పెట్టుకున్న కంటూరా ఎనర్జీకి వెళ్లాయి, మిగతావి ఆల్ఫా దగ్గరే ఉండిపోయాయి. 2018లో ఆ రెండూ మళ్లీ కలిశాయి. 2021లో కంటూరా తన పేరుని ఆల్ఫా మెటలర్జికల్ రిసోర్సెస్ అని మార్చుకుంది. అంటే 2014 నాటి కాగితంలో ఉన్న ఆల్ఫా, ఇవాళ్టి కాగితంలో ఉన్న ఆల్ఫా ఒకటి కావు. దానికితోడు భూమి పెద్ద కంపెనీ పేరున ఉండదు, దాని కింద ఉండే ఏదో చిన్న సబ్సిడరీ కంపెనీ పేరున ఉంటుంది, ఇండెక్స్‌లో పెద్ద పేరుతో వెతికితే ఏమీ దొరకదు.

దీనికి నేను చేసేది ఇది. ఒక పెద్ద కాగితం మీద అడ్డంగా గళ్లు గీసి, ప్రతి లింకుకీ ఎవరు ఇచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు, బుక్కు, పేజీ, ఏం ఇచ్చారు, ఏం మినహాయించారు అని రాసుకుంటూ వెనక్కి వెళ్తాను. పేరు మారిన చోట, విలీనమైన చోట రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు నుంచి ధ్రువీకరించిన కాపీ తెప్పిస్తాను. దివాలా ఆర్డర్ ఉన్న చోట ఆ ఆర్డర్ కాపీ కౌంటీలో రికార్డయిందా లేదా చూస్తాను. చాలా చోట్ల అయి ఉండదు, లింకు తెగినట్టు కనిపించేది అందుకే, తెచ్చి రికార్డు చేయిస్తే గొలుసు అతుక్కుంటుంది.

హద్దుల దగ్గర ఇంకో జాగ్రత్త. పాత దస్తావేజులో "తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై వాగు వెంట 62 పోల్స్" అని ఉంటుంది, ఒక పోల్ అంటే పదహారున్నర అడుగులు. దివాలా కేసులో హడావిడిగా జాబితా తయారుచేసేవాళ్లు దీన్ని మ్యాపులో గీసి చూడరు, పాత జాబితానే కాపీ చేస్తారు, ఒక అమ్మకంలో దొర్లిన తప్పు తర్వాతి రెండు అమ్మకాల్లోనూ అలాగే నడుస్తుంది. మూడు డీడ్‌లలో ఉంది కదా అని ఆ తప్పు నిజమైపోదు. లైసెన్సు ఉన్న సర్వేయర్‌తో ఒకసారి కొలిపించండి, ఆ ఖర్చు దగ్గర వెనకాడొద్దు.

లక్షణం: ఇల్లూ పొలమూ మీవే, కానీ కింద బొగ్గు మాదే, పైన రోడ్డు వేస్తాం అంటున్నారు

ఇది దివాలా వల్ల పుట్టింది కాదు, నూరేళ్ల కిందటి అమ్మకం నుంచి వస్తోంది. అప్పలాచియాలో, అంటే ఈ బొగ్గు కొండల ప్రాంతంలో, పైభూమి ఒకరిది, కింది ఖనిజం ఇంకొకరిది అవడం మామూలే. కెంటకీలో బ్రాడ్ ఫామ్ డీడ్‌లు అని ఉండేవి, వాటితో ఖనిజం కొన్నవాళ్లు పైభూమిని తవ్విపారేసే హక్కు కూడా ఉందని దశాబ్దాల పాటు వాదించి గెలిచారు. 1988లో అక్కడి జనం ఓటేసి రాజ్యాంగాన్నే సవరించుకున్నారు, 1993లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కాబట్టి పాత డీడ్ తెచ్చి, అది రాసిన నాటికి ఆ ఊళ్లో ఏ తవ్వకం పద్ధతి ఉండేదో చూడాలి. స్ట్రిప్ మైనింగ్ (పైనేలంతా తొలిచి బొగ్గు తీయడం) అప్పట్లో లేకపోతే, దానికి అనుమతి ఇచ్చినట్టు గట్టి ఆధారం వాళ్లే చూపించాలి. దివాలా కొనుగోలుదారుకి పాత యజమాని కంటే ఎక్కువ హక్కు రాదు, ఇక్కడా అదే సూత్రం.

లక్షణం: మీరు డబ్బు కట్టి కొన్నారు, డీడ్ బీరువాలో ఉంది, రికార్డు చేయించలేదు

ఇది బాధగా ఉన్నా సూటిగా చెప్పాలి. గని కంపెనీ దగ్గర కొని రికార్డు చేయించకముందే అది దివాలా తీస్తే, సెక్షన్ 544 ట్రస్టీని (దివాలా ఆస్తిని చూసుకునే వ్యక్తిని) ఏమీ తెలియకుండా కొన్న కొనుగోలుదారుతో సమానంగా చూస్తుంది, మీ డీడ్‌ని పక్కన పెట్టించే అధికారం ఇస్తుంది. మీరు అక్కడే ఇల్లు కట్టుకుని ఉంటున్నారా, అలా ఉండటమే అందరికీ తెలిసినట్టు లెక్కా అన్నది రాష్ట్ర చట్టాన్ని బట్టి ఉంటుంది, లాయర్‌ని మొదట అడగాల్సిన ప్రశ్న అదే. కంపెనీ ఇంకా దివాలా తీయకపోతే, ఈ పేజీ మూసేసి ముందు కౌంటీ ఆఫీసుకి వెళ్లండి.

లక్షణం: భూమి మాది కాదని అందరూ అంటున్నారు, కొండచరియ మాత్రం మీ దొడ్లోకి జారుతోంది

భూమి, లీజు, తవ్వకం పర్మిట్, ఈ మూడూ వేరువేరు చేతుల్లో ఉండొచ్చని చాలామందికి తెలియదు. వయోమింగ్‌లో బెల్ ఏర్, ఈగిల్ బ్యూట్ గనుల్ని కంటూరా 2017 డిసెంబరులో బ్లాక్‌జువెల్‌కి అమ్మింది. 2019 జులై 1న బ్లాక్‌జువెల్ దివాలా తీసేనాటికి కూడా పర్మిట్లు కంటూరా పేరునే ఉన్నాయి. ఆ అక్టోబరులో గనులు ఈగిల్ స్పెషాల్టీ మెటీరియల్స్ చేతికెళ్లాయి. కాబట్టి మీ పక్క గని పర్మిట్ ఎవరి పేరున ఉందో, బాండ్ (నేలని చక్కదిద్దుతామని పెట్టే హామీ) ఎవరు కట్టారో రాష్ట్ర మైనింగ్ శాఖలో విడిగా అడగండి. తవ్విన నేలని మళ్లీ చక్కదిద్దే బాధ్యత 1977 నాటి ఉపరితల గనుల చట్టం కింద పర్మిట్ ఉన్నవాడిది, వాడు చేయకపోతే బాండ్ డబ్బు జప్తు చేయమని శాఖకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు.

ఇక భూమి నిజంగానే ఎవరి జాబితాలోనూ లేదనుకోండి. చాప్టర్ 7 కేసులో (ఆస్తులన్నీ అమ్మి అప్పులు తీర్చే రకం దివాలా) కంపెనీ తన ఆస్తుల షెడ్యూల్‌లో రాయకుండా వదిలేసిన భూమి, సెక్షన్ 554 ప్రకారం కేసు మూసేశాక కూడా దివాలా ఎస్టేట్‌లోనే ఉండిపోతుంది. షెడ్యూల్‌లో రాసి, అమ్మకుండా వదిలేసిందైతే తిరిగి కంపెనీకే పోతుంది, ఆ కంపెనీ ఇప్పుడు లేకపోయినా సరే. ఈ తేడా కనిపెట్టడానికి పాత షెడ్యూలు తప్పనిసరి. మొదటి రకమైతే సెక్షన్ 350 కింద మూసిన కేసుని మళ్లీ తెరిపించి, ట్రస్టీ దగ్గర సరసమైన ధరకి కొనుక్కునే దారి ఉంది. ఇలా తెరిపించి రెండెకరాల శ్మశానం దారిని ఒక కుటుంబం తిరిగి తమ పేరున రాయించుకోవడం నేను దగ్గరుండి చూశాను, ఏడాదికి పైనే పట్టింది.

చిన్న చిన్నవి

పన్ను బకాయికి కౌంటీ వేలం వేసిన ఖనిజ హక్కు కొన్నారా? ఆ వేలం నాడు యజమాని కంపెనీ దివాలా కేసులో ఉందేమో చూడండి, ఉంటే ఆటోమేటిక్ స్టేని (దివాలా కేసు వేయగానే వసూళ్లని ఆపేసే నిషేధాన్ని) ఉల్లంఘించారని ఆ వేలాన్ని సవాలు చేయొచ్చు.

మీ భూమిని గనికి లీజుకిచ్చి రాయల్టీ రాకుండా ఆగిపోయిందా? కొత్త కంపెనీ ఆ లీజు తీసుకోవాలంటే, సెక్షన్ 365 వర్తించే లీజైతే, పాత బకాయి తీర్చాలి. దానికి ముందు ఒక పట్టిక పంపిస్తారు, మీ లీజు ఎదురుగా బకాయి "0.00" అని వేసి ఉంటుంది. అభ్యంతరం చెప్పడానికి గడువు అదే కాగితం మీద, మామూలుగా కొద్ది రోజులే. కవరు చూసి ప్రకటన కాగితం అనుకుని పారేయకండి, మీకు రావాల్సిన అసలు అంకె రాసి, రాయల్టీ స్లిప్పులు జతచేసి, ఆ తేదీలోపు కోర్టులో ఫైల్ చేయించండి.