కువైట్‌కు కొత్తగా పోయే మన కడప సైడు వాళ్లకు: ఖాళీ టైమంతా ఫోన్‌కు ఇచ్చేయొద్దండి

రాయచోటి, రాజంపేట, బద్వేలు, కడప టౌన్, ఏ ఊరి నుంచి పోయినా సరే ఆకామా (అక్కడ ఉండేదానికి ఇచ్చే పర్మిట్) గురించి, జీతం గురించి చెప్పేవాళ్లు చానామంది ఉంటారు, ఖాళీ టైం ఎట్ల గడపాల్నో మాత్రం ఎవరూ చెప్పరు, అందుకే ఇది రాస్తాండా. నేను అక్కడ ఇంటి డ్రైవర్‌గా చేసి వచ్చినోన్ని, ఇప్పుడు కడపలోనే ఉండా.

కొత్తలో పని కంటే పనిలేని గంటలే మనిషిని తినేస్తాయి. రూములో పడుకోని రీల్స్ చూస్తా ఉంటే శుక్రవారం ఎట్ల పోయిందో తెలీదు, సాయంత్రానికి పిల్లలు గుర్తొచ్చి ఏడుపొస్తాది. పేకాటకు మాత్రం పోవద్దు, అక్కడ డబ్బు పెట్టి ఆడడం నేరం.

ముందు మీకు ఖాళీ ఎప్పుడు దొరుకుతాదో చూసుకోండి. ఇండ్లల్లో పనికి పోయే అక్కలకు కూడా వారానికొక రోజు సెలవు ఇయ్యాలని 2015లో వచ్చిన 68వ నంబరు చట్టంలోనే ఉండాది, అగ్రిమెంట్‌లో చూసుకోండి. బయట ఎండలో పనిచేసేవాళ్లను జూన్ 1 నుంచి ఆగస్టు ఆఖరు దాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు పనిలో పెట్టకూడదు, అయితే ఆ టైంలో నిద్రపోండి, ఇంకేం వద్దు. డ్రైవర్లకు సెలవు కంటే వెయిటింగే ఎక్కువ, స్కూలు ముందర, జమియా (సరుకుల కో-ఆపరేటివ్ స్టోరు) ముందర, ఆస్పత్రి ముందర.

ఇట్ల ముక్కలు ముక్కలుగా దొరికే టైంకు, ఎప్పుడంటే అప్పుడు ఆపి మళ్లీ మొదలుపెట్టే పని పట్టుకోవాల. మాతో ఉన్న రాజంపేట సైడు అన్న ఒకాయన స్టీరింగ్ మీద నోట్‌బుక్ ఆనించి, ఫోన్‌లో ఫోటో చూసుకుంటా ఒంటిమిట్ట గుడి గోపురం బాల్‌పెన్నుతో గీసేవాడు. కింది అంతస్తు అయ్యేలోపల పిల్లలు స్కూలు నుంచి వచ్చేస్తారు, మూసి పక్కన పెడతాడు, సాయంత్రం ఇంకో చోట బండి ఆపినప్పుడు పై అంతస్తు. తొందరేం లేదు కాబట్టి ఒక్కో బొమ్మనూ దగ్గరగా చూసి గీసినాడు, ఆ బుక్కు చూస్తే నాకు ఇప్పటికీ ఎంత ఇష్టమో.

అక్కలకైతే క్రోషియా మంచిది, ఒక సూది, ఒక దారం ఉండ, అంతే ఖర్చు. మధ్యలో మామా (ఆ ఇంటి యజమానురాలు) పిలిస్తే లేచేముందు సూది మీదుండే ముడిని కొంచెం పెద్దగా లాగి పిన్నీసు పెట్టండి, అల్లిక ఊడిపోదు. ఇంట్లో మొక్కలు పెట్టుకోవాలంటే మాత్రం మామాను అడిగే పెట్టుకోండి, పుదీనా ఈజీగా వస్తాది. పాత సామాన్లు చౌకగా కావాలంటే అల్ రాయ్‌లో ఉండే శుక్రవారం సంతకు పోండి, కుండీలు, కుర్చీలు అన్నీ దొరుకుతాయి.

ఏమీ చేతకాదు అనుకునేవాళ్లు ఇంటికాడ అవ్వకు ఫోన్ చేసి ఒక జోలపాటో, పద్యమో, పొలం పాటో చెప్పించుకోని రాసుకోండి. అక్కడ రాత్రి 8 అంటే ఇక్కడ పదిన్నర, అవ్వ పడుకోనుంటాది, ముందే చేయండి. సి.పి. బ్రౌన్ దొర 1820లో ఉద్యోగానికని మన కడపకొచ్చి, తెలుగు నేర్చుకోని, వేమన పద్యాలు ఏరి 1829లో అచ్చేసినాడు, ఆయన బంగళా ఉన్న జాగాలోనే ఇప్పుడు ఆయన పేరు మీద లైబ్రరీ ఉండాది. పరాయి దేశంలో కొలువు చేస్తానే అంత పని చేసినాడే ఆయన, మన అవ్వ పాటలు మనం రాసుకోలేమా?

ఫోటోలు, వీడియోలు తీసే సరదా ఉంటే జాగ్రత్త, అక్కడ మనుషుల్ని అడక్కుండా తీయొద్దు, గవర్నమెంట్ ఆఫీసులు, మిలిటరీ జాగాల వైపు కెమెరా తిప్పనే వద్దు.

అల్లినవి, గీసినవి ఫ్రెండ్స్‌కు ఇయ్యండి, ఇంటికి కార్గోలో వేయండి. కానీ ఖాదిం వీసా (ఇంటిపని వీసా) మీద పోయినోళ్లు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర తప్ప వేరే సంపాదన చేయకూడదు, కాబట్టి అక్కడ అమ్మకం మాత్రం పెట్టొద్దండి.