డనిచ్‌లో సముద్రం పాలైన చర్చిని చూడటం ఎలా

ఇంగ్లండ్ తూర్పు తీరంలో, సఫోక్ కౌంటీలో ఉన్న డనిచ్ మధ్యయుగాల్లో పేరుమోసిన రేవు పట్టణం. 1286 మొదలుకొని 1328లోనూ 1347లోనూ వచ్చిన పెనుతుఫానులు రేవును పూడ్చివేయగా, తీరపు కోత ఆ పట్టణపు వీధులనూ చర్చిలనూ ఒక్కొక్కటిగా కబళించింది. ఆ పాత చర్చిల్లో చివరగా కూలినది సకల పునీతుల పేరిట కట్టిన ఆల్ సెయింట్స్ పారిష్ చర్చి. దాన్ని చూడదలచినవారు నేరుగా సముద్రపు గట్టు అంచుకు వెళ్లకూడదు. ముందు తెలుసుకోవలసినవి తెలుసుకోకపోతే అక్కడ గడ్డీ నీరూ తప్ప మరేమీ కనిపించవు.

మొదట ఊళ్లోని మ్యూజియానికి వెళ్లి పాత పట్టణపు నమూనాను తీరిగ్గా చూడండి. గట్టు మీది బాటలో ఎంతవరకు వెళ్లనిస్తున్నారో, ఆల్ సెయింట్స్ సమాధుల తోటలో మిగిలిన చివరి సమాధి ఇంకా నిలిచి ఉందో లేదో అక్కడే అడగండి. కోత ఆగలేదు కనుక పాత ఫొటోలను నమ్మి బయలుదేరడం మంచిది కాదు.

తరువాత సెయింట్ జేమ్స్ చర్చి ఆవరణకు వెళ్లండి. ఆల్ సెయింట్స్ గంటగోపురానికి ఊతగా కట్టిన రాతి స్తంభమొకటి తరలివచ్చి ఇక్కడ నిలిచింది. నా దృష్టిలో ఈ యాత్రలో అన్నిటికన్నా విలువైన వస్తువు ఇదే, ఎందుకంటే ఆ చర్చి గోడను దగ్గరగా నిలబడి చూడగలిగేది ఇక్కడే. ఆ ప్రాంతంలో మంచి కట్టుడు రాయి దొరకదు. అందుకే గోడలను చెకుముకి రాళ్లతో లేపి, మూలలకు మాత్రం దూరం నుంచి తెచ్చిన చెక్కిన రాయిని వాడేవారు. అదే ఆవరణలో అర్ధచంద్రాకారపు శిథిలం కూడా కనిపిస్తుంది. అది 12వ శతాబ్దపు కుష్ఠురోగుల ఆసుపత్రి ప్రార్థనాలయం. దానికీ ఆల్ సెయింట్స్‌కూ సంబంధం లేదు.

ఇక గ్రేఫ్రయర్స్ మఠపు గోడలు దాటి గట్టు వైపు నడవండి. ఇక్కడ దిక్కులు గుర్తుంచుకోవాలి. బలిపీఠం తూర్పున, గంటగోపురం పడమట ఉండటం మధ్యయుగపు చర్చిల ఆనవాయితీ. సముద్రం తూర్పునే ఉంది కాబట్టి 1904లో ముందుగా బలిపీఠపు వైపు పడిపోయింది, 1919లో గోపురం చివరగా కూలింది. ఒక చర్చి పొడవునా సముద్రం నడిచి రావడానికి పట్టిన కాలం ఆ పదిహేనేళ్లే. సముద్రానికి ఎదురుగా నిలబడితే, గోపురం నిలిచిన చోటు అంచుకు అవతల గాలిలో ఉంటుంది, బలిపీఠం ఇంకా ముందుకు ఉంటుంది.

సమాధుల తోట కూడా ఇదే వరుసలో పోయింది. మృతులను తల పడమటికి, పాదాలు తూర్పుకు ఉంచి పూడ్చేవారు. కాబట్టి గట్టు కోసుకుపోయినప్పుడు కాళ్ల ఎముకలే ముందుగా బయటపడతాయి. గోపురం కూలిన తరువాత కూడా అలా ఎముకలు పొడుచుకు వస్తూనే ఉండేవి. మీకు అలాంటిదేదైనా కనిపిస్తే ముట్టుకోవద్దు, పక్కకు జరపవద్దు, ఫొటో తీసి పంచుకోవద్దు. చోటు గుర్తుపెట్టుకుని పోలీసులకు తెలియజేయాలి. అవి ఆ ఊరి పారిష్ వాసుల భౌతికకాయాలు, ప్రదర్శన వస్తువులు కావు.

కింది తీరం నుంచి చూసేటప్పుడు గట్టుకు బాగా ఎడంగా నడవండి. అది ఇసుకా గులకరాళ్లూ కలిసిన వదులు నేల, హెచ్చరిక లేకుండా జారుతుంది. నీటి అడుగున శిథిలాలున్నా బురద వల్ల ఈతగాళ్లకు చెయ్యి చాచినంత దూరం కూడా కనిపించదు; సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ధ్వని తరంగాలతో సముద్రగర్భాన్ని చిత్రించింది అందుకే.