నీతికి దేవుడు కావాలా: కాంట్‌ను చదివే వరుస

జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయెల్ కాంట్ మతం గురించి రాసిన, 1793లో వచ్చిన పుస్తకంతో మొదలుపెట్టకండి, చాలామంది అక్కడే ఆగిపోతారు. ముందు 1785 నాటి ‘గ్రౌండ్‌వర్క్’ (నీతికి పునాది ఏమిటో వెతికే చిన్న పుస్తకం) మొదటి భాగం. రోజుకు రెండు పేజీలు చాలు.

అందులో ఒక దుకాణదారు ఉంటాడు, చిన్నపిల్లాడు వచ్చినా అదే ధర. అతన్ని మెహదీపట్నం రైతుబజారుకు తెచ్చుకోండి. కిలో టమాటా సరిగ్గా తూచింది గిరాకీ పోతుందనా, దేవుడు చూస్తున్నాడనా, అది తన విధి గనకనా? (మధ్యది మనం చేర్చుకున్నదే.) మూడూ నోట్‌బుక్‌లో విడివిడిగా రాయండి. కాంట్ నైతిక విలువ ఇచ్చేది మూడోదానికే.

దీంతో అతను నాస్తికుడని తేల్చేస్తే పెద్ద పొరపాటు. 1788 నాటి రెండో ‘క్రిటిక్’ (‘క్రిటిక్ ఆఫ్ ప్రాక్టికల్ రీజన్’)లో దేవుడు తిరిగొస్తాడు: నీతికి పునాదిగా కాదు, మంచితనానికి తగ్గ సుఖం దక్కుతుందన్న ఆశకు ఆధారంగా. 1793 పుస్తకం ఆ తర్వాతే. ఆ పుస్తకం మీద 1794లో కాంట్‌కు ప్రష్యా రాజు పేరిట మందలింపు లేఖ ఎందుకొచ్చిందో అప్పుడు తెలుస్తుంది.