డెంగ్యూ రిపోర్ట్ చదివే ముందు జ్వరం ఎన్నో రోజో లెక్కపెట్టండి

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. డెంగ్యూ రిపోర్ట్ చేతికివ్వగానే అందరూ పాజిటివా, నెగటివా అనే చూస్తారు. నేను మాత్రం జ్వరం ఎప్పుడు మొదలైందని అడుగుతాను. శాంపిల్ తీసిన తేదీ రిపోర్ట్ మీదే ఉంటుంది. జ్వరం మొదలైన తేదీని దాని పక్కనే పెన్నుతో రాసుకోండి.

రెండో రోజు ఐజీఎం (వైరస్‌ను పట్టుకోడానికి ఒళ్లు ముందుగా తయారుచేసే యాంటీబాడీ) నెగటివ్ వచ్చిందంటే డెంగ్యూ లేనట్టు కాదు. యాంటీబాడీలు ఇంకా తయారై ఉండకపోవచ్చు, అంతే. మన ఒంట్లో యాంటీబాడీలను తయారుచేసే బీ కణాలు కోట్లాదిగా ఉన్నా, కొత్త వైరస్‌ను పట్టుకోగలిగేవి చాలా కొద్ది. ముందు వాటికి వైరస్ తగలాలి. సహాయక టీ కణాల నుంచి సంకేతం అందాలి. అప్పుడవి ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతాయి. వాటిలో కొన్ని ప్లాస్మా కణాలుగా మారి, ఒక్కోటీ సెకనుకు వేలల్లో యాంటీబాడీలను వదులుతుంది. ఇన్ఫెక్షన్లలో మెడ దగ్గర, చంకల్లో బిళ్లలు కట్టడం మీరు చూసే ఉంటారు. ఈ కణాలు పెరిగేది అక్కడే.

ఇదంతా జరగడానికి రోజులు పడుతుంది. అందుకే మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1 ఫలితం చూడండి. అది యాంటీబాడీ కాదు, వైరస్ ప్రోటీనే. ఐదో రోజు దాటాక ఐజీఎం చూడండి. ఒకసారి వచ్చిన ఐజీఎం రెండు మూడు నెలలు రక్తంలో ఉండొచ్చు కాబట్టి, ఈమధ్య ఇంకో జ్వరం వచ్చిపోయి ఉంటే అదీ డాక్టర్‌కి చెప్పండి.

ఐజీఎం తర్వాత వచ్చే యాంటీబాడీ ఐజీజీ. దాని దగ్గర కాస్త ఆగండి. ఐజీఎంలో ఐదు యాంటీబాడీలు జతకట్టి 10 చోట్ల పట్టుకోగలవు కానీ ఒక్కో పట్టూ బలహీనం. తర్వాత బీ కణాలు తమ యాంటీబాడీ జన్యువులను కొద్దికొద్దిగా మార్చుకుంటాయి, గట్టిగా పట్టేవే మిగులుతాయి. ఆ మెరుగైన పట్టు ఐజీజీలో కనిపిస్తుంది. ఎన్నేళ్లు ఈ పనిలో ఉన్నా నాకిది అబ్బురమే. మొదటిసారి సోకినప్పుడు ఐజీజీ నెమ్మదిగా వస్తుంది. మూడో రోజుకే బాగా ఎక్కువగా ఉంటే, ఇంతకుముందొకసారి సోకి, అప్పటి వైరస్‌ను గుర్తుపెట్టుకున్న జ్ఞాపక కణాలు మళ్లీ పనిలోకి దిగాయని అనుమానించాలి. డెంగ్యూ వైరస్‌లు నాలుగు రకాలు. రెండోసారి వేరే రకం సోకితే జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువ. ఆ రిపోర్ట్ డాక్టర్‌కి తప్పకుండా చూపించండి.

జ్వరం తగ్గుతున్నప్పుడు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే మాత్రం ఏ రిపోర్ట్ కోసమూ ఎదురుచూడకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.